అవ్వ చుట్టూ పదకొండు మంది

నోట్‌బుక్కులోంచి చింపిన కాగితం అది. పదకొండు వరుసలున్నాయి. పేర్లు లేవు, ఎవరు ఏం చేశారో మాత్రం ఉంది. క్యాజువాలిటీలో చూసిన డాక్టరు. సెలైన్ పెట్టిన సిస్టరు. ఎక్స్‌రే తీసినాయన. రక్తం తీసినామె. ఈసీజీ తీసినాయన. ఎముకల డాక్టరు. మత్తు డాక్టరు. థియేటర్ల మత్తు మిషన్ దగ్గర నిలబడ్డ అన్న. రాత్రి డ్యూటీ సిస్టరు. నడిపించిన ఫిజియో మేడం. స్నానం చేయించిన ఆయమ్మ.

రాసింది పోయినేడు ఇంటర్ బైపీసీ పూర్తిచేసిన పిల్ల. వాళ్ల నాయినమ్మ బాత్రూంలో జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. ఆస్పత్రిలో తోడుగా ఉన్నది ఈ పిల్లే. అవ్వ ఆస్పత్రిలో చేరిన రోజుల్లోనే తండ్రీ బిడ్డా మా ఇంటికి వచ్చారు. "సార్, నీట్ల మార్కులు తక్కువొచ్చినయ్. ఇంకో ఏడాది లాంగ్‌టర్మ్ కోచింగ్ పెట్టియ్యమంటరా?" అని ఆయన అడిగాడు. రెండు పంటల పైసలు పెడితే గానీ ఆ ఫీజు కట్టలేడు. పిల్ల తల వంచుకుని కూర్చుంది. నేను వెంటనే అవుననీ అనలేదు, కాదనీ అనలేదు. "బిడ్డా, అవ్వను ఎవరెవరు ముట్టుకుంటరో ఒక కాగితం మీద రాసుకరా" అని మాత్రం అన్నాను.

తెచ్చింది. ఎనిమిదో వరుస మీద వేలు పెట్టి, "సార్, ఈయన ఏం చదివిండు?" అంది. నడుముకు సూది ఇచ్చేటప్పుడు వణికిపోతున్న అవ్వను భుజాలు పట్టుకుని కూర్చోబెట్టింది అతనేనట. ఆపరేషన్ అయ్యేదాకా తల దగ్గరే ఉండి పేరు పెట్టి పలకరించాడట. ఇంటికొచ్చాక అవ్వ డాక్టర్ల గురించి ఒక్క మాట చెబితే ఆ పిల్లగాడి గురించి పది మాటలు చెప్పింది.

సిద్దిపేటలో ఇరవై ఏడేళ్లు జువాలజీ చెప్పాను. రిటైరైన తరవాత కూడా ఏటా ఎండాకాలం చివర్లో మా అరుగు ఖాళీగా ఉండదు. ర్యాంకు కార్డులు, కులం సర్టిఫికెట్లు, ప్లాస్టిక్ కవర్లో పెట్టిన మెమోలు పట్టుకుని వస్తారు. వచ్చిన ప్రతివాళ్లూ అడిగే ప్రశ్న ఒకటే: "ఈ ర్యాంకుకు ఏమొస్తది సార్?" ఈ ఇన్నేళ్లలో నేను నేర్చుకున్న పని ఏదైనా ఉందంటే, ఆ ప్రశ్నను పక్కన పెట్టించి, ఆ పిల్ల అడిగిన ప్రశ్న అడిగేలా చేయడమే. ఆ పని నాకు చాలా ఆలస్యంగా వచ్చింది.

క్లాసులో నేనూ అందరిలాగే చెప్పేవాణ్ని. మెడిసిన్ రాకపోతే డెంటల్, అది రాకపోతే ఆయుర్వేదమో హోమియోపతో, అదీ రాకపోతే ఫార్మసీ, ఏదీ లేకపోతే ఫిజియో, నర్సింగ్. బోర్డు మీద మెట్లు గీసి, పై నుంచి కిందికి దిగినట్టు చెప్పేవాణ్ని. కింది మెట్టు మీద కూర్చోవాల్సిన పిల్లల మొహాలు నేను చూసుకోలేదు. ఇప్పుడు తలచుకుంటే బాధేస్తుంది.

ఆ మెట్లు మా అమ్మ చెరిపేసింది. ఆమెకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. ప్రాణం నిలబెట్టింది డాక్టర్లే, ఆ రుణం తీరేది కాదు. అయితే ఇంటికి తెచ్చిన తరవాత మంచం మీదున్న మనిషిని మళ్లీ మా అమ్మగా చేసింది ఒక ఫిజియోథెరపిస్టు. పాతికేళ్లుంటాయేమో ఆ అమ్మాయికి. మూడు నెలలు రోజు విడిచి రోజు వచ్చింది. మొదటి వారమంతా మంచం అంచున పడిపోకుండా కూర్చోవడమే పాఠం. తరవాత చేతికి రబ్బరు బంతి ఇచ్చింది. అమ్మ దాన్ని విసిరికొట్టింది. మర్నాడు ఆ అమ్మాయి వంటింట్లోకి పోయి జొన్నరొట్టె తెచ్చి పళ్లెంలో పెట్టి, "అమ్మా, కుడిచేత్తో ఇరువు, తిందువు గానీ" అంది. అమ్మ అరగంట తంటాలు పడి ఒక ముక్క విరిచింది. ఏ నరం ఏ కండరాన్ని కదిలిస్తుందో ఆ అమ్మాయికి తెలుసు. తెలంగాణ ముసలామె ఏ పని కోసం చెయ్యి లేపుతుందో కూడా తెలుసు. ఆ రెండు తెలివిడులూ కలిస్తేనే ఆ ముక్క విరిగింది.

ఎన్నేళ్ల చదువమ్మా అని అడిగాను. నాలుగేళ్లు, ఆపైన ఆరు నెలల ఇంటర్న్‌షిప్ అంది. ఇరవై ఏళ్లు బైపీసీ పిల్లలకు పాఠం చెప్పినవాడికి బీపీటీ ఎన్నేళ్ల చదువో తెలియదు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మా చిన్నప్పుడు సిద్దిపేట పిల్లగాడు డాక్టరు కావాలంటే హైదరాబాద్ పోయి ఉస్మానియాలోనో గాంధీలోనో చదవాలి, లేదా 1959లో వరంగల్‌లో పెట్టిన కాకతీయ మెడికల్ కాలేజీకి పోవాలి. ఇప్పుడు 2018 నుంచి మన ఎన్సాన్‌పల్లి దగ్గరే ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఉంది. 2016లో జిల్లా అయిన ఊరికి రెండేళ్లు తిరగకముందే 150 సీట్లతో కాలేజీ వచ్చింది. ఆ గర్వం నాకూ ఉంది. అయితే మెడికల్ కాలేజీ అనగానే మనకు తెల్లకోటు డాక్టరొక్కడే కళ్ల ముందు నిలబడతాడు. కాలేజీ అంటే బోధనాస్పత్రి. బోధనాస్పత్రి అంటే ల్యాబులు, థియేటర్లు, ఐసీయూలు, స్కానింగ్ గదులు. వాటిలో ప్రతిదానికీ చదువుకున్న చెయ్యి కావాలి. 2021లో కొవిడ్ రెండో అల నాడు దేశంలో చాలా ఆస్పత్రులకు వెంటిలేటర్లు వచ్చాయి, నడిపే మనిషి లేక మూలన ఉండిపోయాయి. ఊపిరి అందని మనిషికీ గోడకు ఆనించిన మిషనుకూ మధ్య ఉండాల్సినవాడు రెస్పిరేటరీ థెరపీ చదివినవాడు, క్రిటికల్ కేర్ టెక్నాలజీ చదివినవాడు. ఈ కోర్సుల పేర్లు మన ఇళ్లలో ఎంతమంది విన్నారు?

వరంగల్‌లోని కాళోజీ హెల్త్ యూనివర్సిటీ కింద ఇవన్నీ డిగ్రీ కోర్సులుగా ఉన్నాయి. మత్తు, ఆపరేషన్ థియేటర్ టెక్నాలజీ, డయాలసిస్, రేడియాలజీ ఇమేజింగ్, మెడికల్ ల్యాబ్, ఆప్టోమెట్రీ, కార్డియాక్ టెక్నాలజీ. వీటన్నిటికీ గొడుగులాంటి చట్టాన్ని పార్లమెంటు 2021 మార్చిలో చేసింది. అలైడ్ హెల్త్ ప్రొఫెషనల్ అనిపించుకోవాలంటే కనీసం 2,000 గంటల చదువు, హెల్త్‌కేర్ ప్రొఫెషనల్ అనిపించుకోవాలంటే కనీసం 3,600 గంటలు ఉండాలని ఆ చట్టంలో ఉంది. అంటే ఆర్నెల్లలో సర్టిఫికెట్ చేతిలో పెడతామనే బోర్డులకు ఇక కాలం చెల్లాలి. బస్టాండు దగ్గర అలాంటి బోర్డు చూసి ఒక తండ్రి డబ్బు కట్టొచ్చాడు. ఆ సర్టిఫికెట్‌ను ఏ బోర్డూ ఏ కౌన్సిలూ గుర్తించలేదు. ఆ పిల్లవాడి రెండేళ్లు పోయాయి.

ఇంకో పొరపాటు దీనికంటే ఎక్కువగా చూస్తాను. డిగ్రీ కాలేజీలో బీజెడ్‌సీలో చేరి, మూడేళ్ల తరవాత ల్యాబ్ టెక్నీషియన్ ఉద్యోగానికి దరఖాస్తు పెట్టబోతారు. నోటిఫికేషన్లో అడిగేది ఆ డిగ్రీ కాదు, మెడికల్ ల్యాబ్ టెక్నాలజీ చదువు. జీవశాస్త్రం పాఠం ఇద్దరిదీ ఒకటే కావచ్చు, ఆ ఉద్యోగానికి అర్హత ఒకరిదే. 2024లో మన రాష్ట్ర మెడికల్ రిక్రూట్‌మెంట్ బోర్డు 1,284 ల్యాబ్ టెక్నీషియన్ పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చినప్పుడు, మంచి మార్కులతో ఎమ్మెస్సీ చేసిన నా శిష్యుడొకడు అర్హత లేక చూస్తూ కూర్చున్నాడు. అందుకే నా దగ్గరికొచ్చిన పిల్లలతో పాత ఉద్యోగ నోటిఫికేషన్లు చదివిస్తాను. కాలేజీ బ్రోచరులో అన్నీ ఉంటాయి. అర్హతల పేరా మాత్రం నోటిఫికేషన్లోనే ఉంటుంది.

నర్సింగ్ గురించి ఆగి చెప్పాలి. మన ఇళ్లలో ఈ మాట ఎత్తితే తల్లులు మొహం తిప్పుకుంటారు. "రాత్రి డ్యూటీలు సార్, రేపు సంబంధాలు రావద్దా?" అంటారు. నేను వాదించను. 2020లో కరోనా వార్డులో మీ మనిషి పక్కన రాత్రంతా ఉన్నదెవరో గుర్తు చేసుకోమంటాను. అదే ఏడాది ప్రపంచ ఆరోగ్య సంస్థ లోకంలో 59 లక్షల మంది నర్సుల కొరత ఉందని లెక్క చెప్పింది. జర్మనీకి మన రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ ద్వారానే, ఆ భాష నేర్పించి మరీ పంపుతున్నారు. పోనీ, ఇక్కడే ఉంటామన్నా పని తక్కువేం లేదు.

మన రాష్ట్రంలో కాన్పుల లెక్క చూడండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో నూటికి 21.5 కాన్పులు సిజేరియన్లయితే, తెలంగాణలో 60.7. ప్రైవేటు ఆస్పత్రుల్లో 81.5. ఇన్ని కోతలు మన ఆడపిల్లల ఒంటికి అవసరం లేదని చెప్పడానికి డాక్టరే కానక్కర్లేదు. దీనికి మందు వెతుకుతూ 2017లో మన రాజీవ్ రహదారి మీదనే ఉన్న కరీంనగర్ ప్రభుత్వాస్పత్రిలో, ఫెర్నాండెజ్ ఫౌండేషన్ సాయంతో నర్సులకు 18 నెలల మిడ్‌వైఫరీ శిక్షణ మొదలుపెట్టారు. నొప్పులు పడే తల్లి పక్కన గంటల తరబడి కూర్చుని, నడిపించి, ధైర్యం చెప్పి, మామూలు కాన్పు తానే చేసి, చెయ్యి దాటుతుందనుకున్నప్పుడు మాత్రమే డాక్టరును పిలిచే మనిషే మిడ్‌వైఫ్. నర్సింగ్ చదివిన పిల్లకు ఆ దారి తెరిచి ఉంది. వెనకటి మంత్రసానికి ఉన్న గౌరవం, ఇప్పటి శాస్త్రం రెండూ ఉన్న పని అది. నాకు మనవరాలుంటే ముందు ఈ పని గురించే చెబుతాను.

కళ్ల సంగతీ అంతే. 2018 ఆగస్టు 15న మన పాత మెదక్ జిల్లా మల్కాపూర్‌లో కంటి వెలుగు పేరుతో కంటి పరీక్షల శిబిరాలు మొదలయ్యాయి. ఆ శిబిరాల్లో అద్దాలు మార్చి మార్చి, "ఇది బాగుందా, అది బాగుందా" అని అడిగినవాళ్లు ఆప్టోమెట్రిస్టులు. మా వాడలో సగం మంది ముసలివాళ్లు ఆ తరవాతే సూదిలో దారం ఎక్కించారు. అయినా ఆ పని ఒక డిగ్రీ అని, అది మన పిల్లలు చదవొచ్చని వాడలో ఒక్కరికీ తట్టలేదు.

నీట్ రాయొద్దని ఎవరికీ చెప్పను. 2024లో దేశమంతటా 24 లక్షల మంది పేర్లు నమోదు చేసుకుంటే ఎంబీబీఎస్ సీట్లు లక్షకు కాస్త ఎక్కువ. ఆ సీట్లలో మన పిల్లలూ ఉండాలి, ఉన్నారు. వ్యవసాయ కూలీ బిడ్డ ఎన్సాన్‌పల్లి కాలేజీలో చేరిన రోజున నేను వాళ్లింటికి పోయి మిఠాయి తిన్నాను. ఒకసారి లాంగ్‌టర్మ్‌కు పోవడం తప్పు కాదు. రెండోసారి, మూడోసారి పోయే పిల్లలను చూస్తే గుండె తరుక్కుపోతుంది. పద్దెనిమిదేళ్ల పిల్ల ఇరవై ఒకటి దాటేదాకా అవే నాలుగు పుస్తకాలు చదువుతుంది. చివరికి బీఎస్సీ నర్సింగ్‌లో చేరినప్పుడు ఓడిపోయినట్టు చేరుతుంది. అలా చేరిన మనిషి వార్డులో రోగి ముందు ఎట్లా నిలబడుతుంది? చదువు మీద మనసు లేకుండా చేరినవాళ్ల చేతికి మన సెలైన్ సూది ఇస్తున్నాం. ఆ నేరం పిల్లలది కాదు, మెట్లు గీసిన నాలాంటివాళ్లది.

ఇప్పుడు నా దగ్గరికి వచ్చేవాళ్లకు ఒకటే పని చెబుతాను. కోర్సు పేరు చూసే ముందు ఆ పని చూడండి. అడిగి, అనుమతి తీసుకుని ఒక పొద్దున ఆస్పత్రిలో కూర్చోండి. ఫోన్ జేబులోంచి తీయొద్దు, రోగుల ఫొటోలు తీయొద్దు. డయాలసిస్ గదిలో నాలుగు గంటలు ఒకే మనిషి పక్కన ఉండే పని మీకు నచ్చుతుందా? ల్యాబులో మనుషుల మొహం చూడకుండా గాజుపలక మీద కణాలు లెక్కపెట్టే పని నచ్చుతుందా? మాట పలకని పసివాడికి నెలల తరబడి ఒక్క అక్షరం నేర్పే స్పీచ్ థెరపిస్టు ఓపిక మీకుందా? రక్తం చూస్తే కళ్లు తిరిగే పిల్లలుంటారు, వాళ్లకు సైకాలజీ ఉంది, పౌష్టికాహార శాస్త్రం ఉంది, ఆస్పత్రి పాలన ఉంది. తిరిగొచ్చాక ఎక్కువసేపు ఎవరిని చూశావో చెప్పమంటాను. సగం నిర్ణయం అక్కడే అయిపోతుంది. మిగతా సగం ఫీజులు, గుర్తింపు, ఇంటి నుంచి దూరం. కాలేజీకి నర్సింగ్ కౌన్సిల్, ఫార్మసీ కౌన్సిల్, హెల్త్ యూనివర్సిటీ అనుమతి ఉందా అన్నది చేరకముందు చూసుకోవాలి. ప్రవేశ నిబంధనలు ఏటా మారుతుంటాయి. నిరుడు అన్న చేరిన పద్ధతిలోనే ఈ ఏడు చెల్లె చేరుతుందనుకోవద్దు.

కాగితం రాసిన పిల్ల ఆ ఏడాది అనస్థీషియా టెక్నాలజీలో చేరింది. తండ్రికి ఇప్పటికీ కోర్సు పేరు నోరు తిరగదు, "మత్తు చదువు" అంటాడు. దసరాకు ఇంటికొచ్చినప్పుడు మా అరుగు మీద కూర్చుని ఆక్సిజన్ సిలిండర్లకు, ఇతర వాయువుల సిలిండర్లకు రంగులెందుకు వేరువేరుగా ఉంటాయో, ఒకటి బదులు ఇంకోటి బిగిస్తే ఏమవుతుందో గంటసేపు చెప్పింది. మధ్యలో అవ్వ చేతికర్ర పట్టుకుని వచ్చి వింటూ నిలబడింది.

వెబ్ ఆప్షన్లు నింపే రోజులు దగ్గరపడుతున్నాయి. తల్లిదండ్రులారా, ఇంటర్‌నెట్ సెంటర్‌కు పోయే ముందు మీ పిల్లను ఒక పొద్దున ఆస్పత్రికి తీసుకుపోండి. ఓపీ తొమ్మిదికి మొదలవుతుంది. ఒక కాగితం, పెన్ను వెంట ఉంచుకోండి.