రక్తం ఆగాకే జాగ్రత్త

ఆడకుక్కను పెంచుకునేవాళ్లు చాలామంది ఒకటే మాట అంటారు: "వారం రోజులు బ్లీడింగ్ అయింది, ఆగిపోయింది, ఇక భయం లేదు." ఆ మాట విన్నప్పుడల్లా నా గుండె గుభేలుమంటుంది. అసలు భయం మొదలయ్యేది అప్పుడే.

మనుషుల నెలసరితో పోల్చుకోవడం వల్ల వచ్చిన చిక్కు ఇది. ఆడవాళ్లలో గర్భం నిలవకపోతే గర్భసంచి లోపొర రాలి రక్తస్రావమవుతుంది. కుక్కకు అండం విడుదల కాకముందే, ఈస్ట్రోజన్ పెరిగే రోజుల్లో రక్తం కనబడుతుంది. సుమారు 9 రోజులు. మానం వాస్తుంది, మగకుక్కలు వెంటబడతాయి, ఇది మాత్రం పళ్లు చూపించి తరిమేస్తుంది. ఆ తర్వాతి 9 రోజులే, కాస్త అటూఇటూగా, అసలు ఎద.

మా రాణి ఎదకొస్తే రోజూ పొద్దున్నే తెల్లటి దూదితో అద్ది చూస్తాను. ముదురెరుపు పలచబడి ఎండుగడ్డి రంగుకు తిరుగుతుంది. నడుం మీద చెయ్యి వేస్తే తోక పక్కకు తిప్పి కదలకుండా నిలబడుతుంది. ఇక గొలుసు లేకుండా గేటు దాటనివ్వను. మగకుక్క వీర్యకణాలు లోపల వారం దాకా బతుకుతాయి. విడుదలైన అండం పక్వానికి రావడానికి మరో రెండ్రోజులు పడుతుంది. అందుకే ఒకే ఈతలో ఇద్దరు తండ్రుల పిల్లలు పుట్టడమూ ఉంది. క్రాసింగ్‌కు సరైన రోజు కావాలనుకునే బ్రీడర్లు ప్రొజెస్టిరాన్ రక్తపరీక్ష చేయిస్తారు.

వీధికుక్కలకు ఎద ఎక్కువగా ఏడాదికోసారే, వానలు తగ్గాక. చిత్తకార్తె కుక్కల కాలమని పల్లెల్లో పిల్లలకూ తెలుసు. అక్టోబరులో జతకట్టినవి దాదాపు 63 రోజులకు, డిసెంబరు చలిలో ఈనుతాయి. ఇళ్లలో పెరిగే జాతికుక్కలకు ఆ కార్తెతో పనిలేదు. ఆరేడు నెలలకోసారి, ఏ నెలలోనైనా ఎదకొస్తాయి.

ఎద ఆపడానికి హార్మోన్ ఇంజక్షన్ వేయించేవాళ్లున్నారు. దయచేసి ఆ పని చెయ్యకండి, గర్భసంచిలో చీము పట్టే ముప్పు పెరుగుతుంది. కుక్కకు ముట్లుడగడమంటూ లేదు, ముసలితనంలోనూ ఎదకొస్తూనే ఉంటుంది. పిల్లలు వద్దనుకుంటే ఆపరేషన్ చేయించడమే మేలు. చేయించనివాళ్లు ఎద తేదీని క్యాలెండర్‌లో రాసి పెట్టుకోండి. ఆ తర్వాత రెండు నెలల్లో కుక్క తిండి మానేసి, అదేపనిగా నీళ్లు తాగుతూ, నీరసంగా పడుకుంటే, కింద చీము కనబడినా కనబడకపోయినా, మర్నాటిదాకా ఆగకుండా పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.