బుడగలో లోకం, లోకంలో జీవి

ప్రపంచం ముద్ర వేస్తుందనీ, మనసు మైనంలాగా ఆ ముద్రను స్వీకరిస్తుందనీ భావించే పాత భౌతికవాదం నిలవదని జీవశాస్త్రం వైపు నుంచి చూపినవాడు యాకోబ్ ఫాన్ యుక్స్‌క్యూల్. జంతువుల, మనుషుల పరిసర లోకాలను గురించి ఆయన 1934లో వెలువరించిన గ్రంథం బలమేమిటో ముందు ఒప్పుకోవాలి.

ఆయన వర్ణించిన గోమారినే తీసుకుందాం. దానికి కళ్లు లేవు. పశువు చర్మం నుంచి వచ్చే బ్యూటిరిక్ ఆమ్లపు వాసన తగలగానే అది కొమ్మ మీద పట్టు వదులుతుంది. వెంట్రుకలు తగిలితే పాకుతుంది. వెచ్చని చర్మం దొరికితే కుడుతుంది. పశువు రంగు, రూపు, అరుపు దానికి లేనట్లే. ప్రతి గుర్తూ ఒక కదలికను పుట్టిస్తుంది. ఆ కదలిక మరో గుర్తు దగ్గరికి చేరుస్తుంది. తెలుసుకోవడమూ కదలడమూ ఒకే వలయమని చూపడం సామాన్య విషయం కాదు.

అయితే ఇంతదూరం వచ్చిన రచయిత అక్కడే ఆగిపోయాడు. ప్రతి జీవీ సబ్బుబుడగ వంటి తన లోకంలోనే ఉంటుందనీ, ఆ బుడగలన్నీ ప్రకృతి ప్రణాళిక ప్రకారం అమరి ఉన్నాయనీ అంటాడు. 1920లో ఈయనే రాజ్యాన్ని జీవశరీరంగా చిత్రిస్తూ పుస్తకం రాయడం యాదృచ్ఛికమని నేననుకోను. అవయవం తన స్థానం మార్చుకోజాలదు గదా!

ఆయనను నేనడిగే ప్రశ్న ఒక్కటే. మనిషీ బుడగలోనే ఉంటే, గోమారి లోకం ఆయనకెట్లా తెలిసింది? పరిశీలన వల్ల, ప్రయోగం వల్ల, అంటే ఆచరణ వల్ల.

1963లో రిచర్డ్ హెల్డ్, అలన్ హైన్ చీకటిలో పెంచిన పిల్లికూనలను జతలుగా రంగులరాట్నం వంటి యంత్రంలో ఉంచారు. ఒకటి తన కాళ్లతో నడిచింది. రెండోది తొట్టిలో కూర్చుని, మొదటిదాని నడకతోనే తిరిగింది. రెండూ చూసిన దృశ్యం ఒకటే. నడిచిన కూన లోతును గుర్తించి తప్పుకున్నది. తొట్టిలోని కూన పోల్చుకోలేకపోయింది. స్వేచ్ఛగా తిరగనిచ్చాక, కొద్ది రోజులకే అదీ నేర్చుకున్నది.

ఇంద్రియానుభవాన్ని ఆచరణగా చూడలేదని 1845లో మార్క్స్ పాత భౌతికవాదాన్ని విమర్శించాడు. కూన నడకా మానవ శ్రమా ఒకటి కావు. మనిషి పనిముట్లు చేసి, నలుగురితో కలిసి, తన ఇంద్రియాల హద్దులనే జరుపుతాడు. అయినా రెండింటికీ వేరు ఒక్కటే: కదలనిదే తెలియదు.

మన తరగతి గదులలో విద్యార్థి నడుస్తున్నాడా, తొట్టిలో తిరుగుతున్నాడా? ఉపాధ్యాయ మిత్రులు తేల్చుకోవలసిన ప్రశ్న ఇది.