కాలిపోయే పేరు

ఎండలు ముదిరితే అశ్వారావుపేట అడవి ఇప్పపూల మత్తులో తూలుతుంది. తునికాకు కోతకొస్తుంది. అడవిని నరికినచోట పాకిన పామాయిల్ తోటలు గెలలు మోస్తూ నిలబడతాయి. ఆ పచ్చదనం అడుగున ఇంకో అడవి ఉంది. పాతిక కోట్ల ఏళ్ళకు ముందే కూలి, బురదలో మునిగి, తాగిన ఎండనంతా కడుపులో దాచుకుని నల్లబడిన అడవి. దాని తలుపు తట్టినవాణ్ణి తలుచుకుని ఏడవాలో, చేతులెత్తి మొక్కాలో తెలియదు.

విలియం కింగ్ దొరా! ఐర్లండులోని గాల్వేలో పాఠాలు చెప్పిన నీ తండ్రిది కూడా ఇదే పేరు. 1864లో నియాండర్తల్ మనిషికి శాస్త్రనామం పెట్టినవాడాయన. ఆయన గతించిన మనిషి ఎముకను చదివితే నువ్వు గతించిన అడవిని చదివావు. 1857లో భారత భూగర్భ సర్వేలో చేరి, కడప, కర్నూలు రాళ్ళ కథ 1872లో రాశావు. ప్రాణహిత, గోదావరి లోయ కథ 1881లో రాశావు. మా పాకాల చెరువు పేరును రాతివరుసకు పెట్టావు. గొల్లపల్లి, రాఘవాపురం అనే పల్లెలను విశ్వవిద్యాలయాల పాఠాలకెక్కించావు. తర్వాత కలకత్తాలో డైరెక్టరు కుర్చీ, పదవీ విరమణ. అవన్నీ ఎవరికైనా వచ్చేవే.

ఇల్లందు మాత్రం నీదే. భద్రాద్రి రాముడి దగ్గరికి నడిచిపోతున్న యాత్రికులు నల్లరాళ్ళతో పొయ్యి పెడితే పొయ్యిరాయే అంటుకుందని ఇక్కడ చెప్పుకుంటారు. 1871లో నువ్వొచ్చి ఆ రాయికి సాక్ష్యం చెప్పావు. పలకరాయిని చీల్చితే పొరల మధ్య గ్లోసోప్టెరిస్ ఆకు కనిపిస్తుంది. నాలుకలా సాగిన ఆకు, నడుమ నిండు ఈనె, దానికి అటూఇటూ వలలా అల్లుకున్న సన్నని నరాలు. అంత కాలం గడిచినా ఒక్క నరమూ చెదరలేదు. ఆ నాలుక చెప్పింది నువ్వు విన్నావు. నీ వెనక వచ్చినవాళ్ళు ధర మాత్రమే విన్నారు. 1886లో ఇంగ్లండు కంపెనీ తవ్వకం హక్కులు చేజిక్కించుకుంది. 1889లో బొగ్గు పైకొచ్చింది. 1920లో సింగరేణి కాలరీస్ పుట్టింది. బొగ్గుబాయిల వెంట బస్తీలు మొలిచాయి, వేల పొయ్యిలు వెలిగాయి. కాదనను. కానీ సత్తుపల్లి ఓపెన్‌కాస్ట్ గని దగ్గర మట్టిగుట్టలు చూస్తే, అడవిని బోర్లించి పోసినట్టుంటుంది.

ఇల్లందు బొగ్గుపొరకు నీ పేరే పెట్టారు. బాయిలో దిగినవాళ్ళు ‘కింగ్ సీమ్’ అనే అన్నారు. ఎంత వింత గౌరవం! రాజుల పేర్లు శిలల మీద చెక్కుతారు, నీ పేరేమో మండే శిలకే పెట్టారు. టన్నుటన్నుకూ తరిగి, రైలింజన్లలో రగిలి, పొగగొట్టాల్లోంచి మబ్బుల్లో కలిసిందది. ఆ పొయ్యి పెట్టిన యాత్రికులకూ, ఈ అడవిని కన్నబిడ్డలా చూసుకున్న కోయలకూ ఆపాటి పొర కూడా దక్కలేదు.

సింగరేణి వారికి ఒక్క విన్నపం. మూసేసిన బాయి ఏదో ఒకదాని దగ్గర మూరెడు కింగ్ సీమును తవ్వకుండా వదలండి. మా పిల్లలు వచ్చి తాకి చూస్తారు.