రంగస్థలముపై మాయాబజార్

1957లో విజయావారు, కె. వి. రెడ్డిగారి దర్శకత్వమున నిర్మించిన 'మాయాబజార్' చిత్రము మా పోచంపల్లి తెలుగు కుటుంబములకు ఇంటి కథ వంటిది. ఆ మక్కువతో హైదరాబాదులో సురభివారి 'మాయాబజార్' నాటకము చూచితిమి.

మొదట రంగస్థలముపై రంగారావుగారినీ, సావిత్రిగారినీ వెదకితిమి. అది మా పొరపాటు. 1885లో సురభి గ్రామమున మొదలైన ఈ నాటకకళ సినిమాకు పెద్దక్క. చెల్లెలిని చూచి అక్కను తూచరాదు. కెమెరా చేసిన మాయను ఇచ్చట తాళ్లు, తెరలు, దీపములు కనులయెదుటనే చేయును. హార్మోనియము వెంట నటులే పద్యములు పాడుదురు.

తమిళ బడిలో చదివెడి మా మనుమనికి తెలుగు లిపి రాదు. అయినను ఘటోత్కచుని మాటకు మాకంటె ముందే నవ్వెను. ఇంట అక్షరములు నేర్పవలసిన బాధ్యత ఆ నవ్వు మాకు గుర్తుచేసినది.