ఒక పని, నాలుగు పద్దులు

మేరీల్యాండ్‌లో మా చుట్టుపక్కల తెలుగువాళ్లు నలుగురు కలిస్తే చాలు, హైస్కూలు పిల్లల తల్లులు తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది. "వదినా, మావాడు గుడి వెనక చేసిన పనిని ఈగిల్‌కి రాశాం. దాన్నే స్కూలుకీ, కాంగ్రెషనల్ అవార్డుకీ కూడా రాసుకోవచ్చా? తప్పవుతుందేమో?" అడిగే గొంతులో ఆశ కన్నా బెరుకే ఎక్కువ. ఒకే వ్యాసాన్ని ఇద్దరు మాస్టార్లకు చూపిస్తే దెబ్బలు తిన్న తరం మాది. ఆ బెరుకు అక్కడిదే. స్కౌట్ల దళంలో పిల్లలు రాసుకొచ్చే ప్రాజెక్టు కాగితాలు చదివే పని కొన్నేళ్లుగా నాది కాబట్టి, జవాబు సూటిగానే చెబుతాను. తప్పు కాదు. సరిగ్గా చేస్తే ఆ పని ఇంకా గట్టిపడుతుంది కూడా.

నియమాలు కూడా ఇదే చెబుతున్నాయి. బడి కోసం లెక్కపెట్టిన సేవా గంటల్ని స్కౌటింగ్‌లోనూ చూపడం రెండుసార్లు లెక్కపెట్టడం కిందికి రాదని స్కౌటింగ్ వారి మార్గదర్శిలోనే ఉంది. స్కౌటింగ్ వరకు ఆ గంటలు ఒక్కసారే లెక్కకొస్తున్నాయి కదా అన్నది వాళ్ల వాదన. కాంగ్రెషనల్ అవార్డు వాళ్లు కూడా బయట చేసిన పనిని కాదనరు. అయితే సేవ, వ్యక్తిగత వికాసం, శారీరక దారుఢ్యం, యాత్ర అనే నాలుగు విభాగాల్లో ఒకే గంటను రెండింట వేయకూడదు. తోటలో పార పట్టి తవ్వాను కాబట్టి అది వ్యాయామం కూడా అంటే కుదరదు.

నియమం ఒప్పుకుంది కదా అని అంతటితో వదిలేయలేం. ఒకే పనిని చూసి ఒక్కో పురస్కారం ఒక్కో ప్రశ్న అడుగుతుంది, చిక్కంతా అక్కడే ఉంది. చాలా ఇళ్లలో ఒక జవాబు రాసి, పైన పేరు మార్చి అన్నిచోట్లకూ పంపేస్తారు. నాకు అభ్యంతరం దాంతోనే.

మా గుడి వెనక ఖాళీ స్థలంలో ఒక కుర్రాడు కూరగాయల తోట వేశాడు. సెడార్ పలకలతో ఎత్తు మడులు కట్టి, జింకలు దూరకుండా కంచె వేశాడు. పండినదంతా, అవసరమైనవాళ్లకు ఉచితంగా తిండి సరుకులిచ్చే దగ్గర్లోని ఫుడ్ ప్యాంట్రీకి వెళుతుంది. స్కౌటింగ్‌లో పై మెట్టయిన ఈగిల్ కోసం చేయాల్సిన సేవా ప్రాజెక్టుకు ఇది చక్కగా సరిపోతుంది. గుడికైనా, బడికైనా, ఊరికైనా మేలు చేయొచ్చు, స్కౌటింగ్ సంస్థకు మాత్రం కాకూడదు. పని మొదలుపెట్టకముందే మేలు పొందే సంస్థ నుంచీ, దళం పెద్దల నుంచీ, కౌన్సిల్ లేదా జిల్లా నుంచీ అనుమతి సంతకాలు ఉండాలి. పద్దెనిమిదేళ్లు నిండేలోపు అంతా అయిపోవాలి. ఇన్ని గంటలు చేయాలన్న లెక్క మాత్రం ఈగిల్‌కు లేదు. అది అడిగేది ఒక్కటే: నువ్వు పదిమందిని నడిపించావా?

ఆ కుర్రాడి ఈగిల్ పుస్తకంలో స్నేహితుల గంటలు, వాళ్ల నాన్నల గంటలు, రంపం పట్టిన పెద్దల గంటలు అన్నీ కలిపి పెద్ద మొత్తమే వచ్చింది. ఆ పుస్తకంలో అలాగే రాయాలి కూడా. ఎంతమందిని కూడగట్టాడో తెలిసేది దానితోనే. కానీ ఆ మొత్తాన్ని అలాగే తీసుకెళ్లి కాంగ్రెషనల్ అవార్డు కాగితంలో వేస్తే అది అబద్ధం. అక్కడ రాయాల్సింది వాడు స్వయంగా పెట్టిన గంటలే. పక్కింటి పిల్ల మట్టి మోసిన గంట ఆ పిల్లది. ఆ పిల్ల తన బడి పద్దులో వేసుకుంటుంది. ఇది చెప్పినప్పుడు ఇళ్లలో ముఖాలు కాస్త చిన్నబోతాయి. అయినా చెప్పక తప్పదు.

కాంగ్రెషనల్ అవార్డును 1979లో అమెరికా కాంగ్రెస్ చట్టం చేసి పెట్టింది. గోల్డ్ మెడల్‌కు 400 గంటల సేవ, అదీ కనీసం 24 నెలల మీద చేసి చూపాలి. ఒక వేసవిలో వేసిన తోట అందులో చిన్న ముక్క మాత్రమే. ఈ అవార్డు అడిగేది నాయకత్వం గురించి కాదు, ఎన్నాళ్లు నిలబడి చేశావన్నది. ధ్రువీకరించే మనిషి బయటివాడై ఉండాలి, అమ్మానాన్నల సంతకం పనికిరాదు. ఈ షరతు నాకు ఎంతో ఇష్టం.

బడి అడిగేది మరొకటి. మేరీల్యాండ్‌లో హైస్కూలు పూర్తి చేయాలంటే సేవ తప్పనిసరి అని 1992లో రాష్ట్ర విద్యా మండలి నియమం పెట్టింది. 75 గంటలన్న లెక్క అక్కడిదే. అయితే పని ఒక్కటే చాలదు. ముందు సిద్ధపడాలి, పని చేయాలి, చేశాక దాని గురించి ఆలోచించాలి. ఈ చివరిదాన్నే పిల్లలు రెండు వాక్యాల్లో తేల్చేస్తారు. తోట కుర్రాడు మాత్రం ఒక సంగతి రాశాడు. మొదట వాళ్లమ్మ సలహాతో గోంగూర, దొండ వేద్దామనుకున్నాడట. ప్యాంట్రీకి వెళ్లి అడిగితే, అక్కడికొచ్చేవాళ్లకు టమాటా, బీన్స్, దోస ఇస్తే చాలన్నారట. ఎవరి కోసం చేస్తున్నామో వాళ్లనే ముందు అడగాలని ఆ వయసులో తెలిసింది. ఏ పద్దులో ఎక్కినా ఎక్కకపోయినా, ఆ తోటలో అన్నిటికన్నా విలువైన గంట ప్యాంట్రీ బల్ల ముందు గడిపిన గంటే అని నా నమ్మకం.

ఇండియాలో కాలేజీ చదువుకున్న తండ్రులు కొందరికి ఎన్.ఎస్.ఎస్. (జాతీయ సేవా పథకం) గుర్తుంటుంది. రెండేళ్లకు 240 గంటలు, ఏడు రోజుల ప్రత్యేక శిబిరం. అదీ గంటల లెక్కే. అందుకే, గంటలు లెక్కపెడితే సేవకు విలువ పోతుందనే మాటను నేను ఒప్పుకోను. లెక్క ఉంటే పిల్లలు రోజూ వస్తారు. ఇక్కడ ప్రెసిడెంట్స్ వాలంటీర్ సర్వీస్ అవార్డు కూడా పూర్తిగా గంటల మీదే నడిచింది, 2025లో దాన్ని నిలిపివేశారు. ఆ పతకం కోసమే గంటలు పోగుచేసిన పిల్లలు నీరుగారిపోవడం చూశాను. అదే పనిని ఇంకో రెండుచోట్ల రాసుకున్నవాళ్లు పెద్దగా చలించలేదు. పని ఒక్క పద్దునే నమ్ముకోకూడదని నేననడానికి ఇదీ ఒక కారణం.

గర్ల్ స్కౌట్ల గోల్డ్ అవార్డు మాత్రం అన్నిటికన్నా కఠినమైన ప్రశ్న అడుగుతుంది. తొమ్మిది నుంచి పన్నెండో తరగతి ఆడపిల్లలకు అది, కనీసం 80 గంటలు పెట్టాలని సూచిస్తారు. చేపట్టిన సమస్యకు మూలం ఏమిటో పట్టుకోవాలి. నువ్వు వెళ్లిపోయాక కూడా పని నడుస్తుందని చూపాలి. ఈ ప్రశ్నను ఈగిల్ పిల్లలనూ అడుగుతున్నాను: నువ్వు కాలేజీకి వెళ్లాక ఆ మడులకు నీళ్లెవరు పోస్తారు? తోట కుర్రాడు తడుముకున్నాడు. తర్వాత గుడి కమిటీలో ఇద్దరు పెద్దల్ని ఒప్పించి, నీళ్ల వంతులు రాయించి తెచ్చాడు. ఈగిల్ కాగితంలో ఆ ముక్క అడగనే అడగరు.

ఇప్పుడు వాడి చెల్లెలు వచ్చింది. గర్ల్ స్కౌట్. అన్న తోటనే తన గోల్డ్ అవార్డుకు రాయొచ్చా అని వాళ్లమ్మ ప్రశ్న. ఒక ఈగిల్ ప్రాజెక్టుకు ఒక్క స్కౌట్‌కే గుర్తింపు, ఇద్దరు పంచుకోలేరు. చెల్లెలిది వేరే సంస్థ అయినా అదే పద్ధతి పాటించమన్నాను. అన్న చేసిన పని అన్నది. ఆ అమ్మాయి నిరాశపడలేదు. "ఆంటీ, శనివారం కోసిన కూరలు ప్యాంట్రీలో మంగళవారానికే వాడిపోతున్నాయి. వాళ్లకు పెద్ద ఫ్రిజ్ లేదు. ఎందుకు లేదో కనుక్కోనా?" అంది. కనుక్కోమన్నాను. కౌన్సిల్ ఆమోదం వచ్చేదాకా పని మొదలుపెట్టొద్దని, ఎవరితో ఏం మాట్లాడిందో ఏ రోజుది ఆ రోజే తేదీ వేసి రాసుకోమని చెప్పాను. వచ్చే వారం ప్యాంట్రీ వాళ్లను కలవబోతోంది.