వేట లేని రోజుల్లో వేలంపాట

ఈ వారం పాలకాయతిప్ప వెళ్లి ఒళ్లు మండి వచ్చాను. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం కదా, పడవలన్నీ ఒడ్డునే ఉన్నాయి. ఐపీఎల్ కూడా ఈ రోజుల్లోనే పడుతుంది. నలుగురు కుర్రాళ్లు వల బాగుచేసుకుంటూ సన్‌రైజర్స్ గురించి మాట్లాడుకుంటున్నారు. హెడ్ కట్ షాట్ గురించో, అభిషేక్ బ్యాటు ఊపు గురించో రెండు ముక్కలు విందామని కూచున్నా. ఒక్కడంటే ఒక్కడు ఆట ఊసెత్తితే ఒట్టు! అన్నీ లెక్కలే. 2025 మెగా వేలానికి ముందు జట్టు ఉంచుకున్నవాళ్లలో క్లాసెన్‌కు 23 కోట్లు, కమిన్స్‌కు 18, హెడ్‌కూ అభిషేక్‌కూ చెరో 14, అంతకుముందు 20 లక్షలకు కొన్న మన విశాఖ కుర్రాడు నితీశ్ రెడ్డికి 6. మొత్తం 75. జట్టుకు ఉన్న 120 కోట్లలో అది పోతే మిగిలిన 45తో జట్టు ఎలా కూడుతుంది? భువనేశ్వర్‌ను అందుకే వదిలారా, బుద్ధి లేక వదిలారా? నైలాను దారం పంట కొరికి ముడేస్తూ ఒకడు ఇదంతా తడుముకోకుండా చెప్పేస్తున్నాడు.

  

నా కాలపు అభిమానం వేరు. 2008లో లక్ష్మణ్ అప్పటి హైదరాబాద్ జట్టు డెక్కన్ చార్జర్స్ కోసం ఐకాన్ హోదా వదులుకున్నాడు. ఐకాన్ ఆటగాడికి జట్టులో అందరికన్నా ఎక్కువ తీసుకునేవాడి మీద ఇంకో 15 శాతం ఇవ్వాలి. ఆ డబ్బు మిగిలితే మంచి ఆటగాణ్ని కొనుక్కుంటారని ఆయన ఆలోచన. "అదిరా అబ్బాయ్, జట్టంటే!" అన్నాను. లెక్కలు చెప్పిన కుర్రాడు తలెత్తకుండానే "మరి చివరిదాకా ఉంచుకున్నారా బాబాయ్ ఆయన్ని?" అన్నాడు.

ఉంచుకోలేదు. 2011లో లక్ష్మణ్ కొచ్చి జట్టుకు ఆడాడు. వార్నర్ సంగతి చెప్పనే అక్కర్లేదు. 2016లో 848 పరుగులు చేసి కప్పు తెచ్చాడు, బుట్టబొమ్మ పాటకు గంతులేసి మనవాడైపోయాడు. 2021 సీజన్ సగంలో కెప్టెన్సీ తీసేసి, తర్వాత జట్టులో చోటే లేదన్నారు. 2014 నుంచి 2024 దాకా మనకు బంతులేసిన భువనేశ్వర్‌ను బెంగళూరు 10.75 కోట్లకు పట్టుకుపోయింది. 2025 కప్పూ వాళ్లదే.

అదే ఆటగాడు జట్టు మారితే విశ్వాసం లేదంటాం. ఈ మాట వింటే నాకు మా మేనమామ పడవ నడిపిన సరంగు గుర్తొస్తాడు. పడవల మీద పద్ధతి తెలిసిందేగా. ముందు ఓనరు అడ్వాన్సిస్తాడు. వేట నుంచి వచ్చాక డీజిలు, ఐసు, తిండి ఖర్చులు తీసేసి మిగిలింది ఓనరూ కలాసీలూ వాటాలేసుకుంటారు. అడ్వాన్సు తీరేదాకా ఇంకో పడవ ఎక్కడానికి లేదు. ఆ సరంగు నీళ్ల రంగు చూసి వల వెయ్యమనేవాడు, చాలాసార్లు వల బరువుగానే లేచేది. ఒక ఏడు వాటా కాస్త పెంచమన్నాడు. మామయ్య కుదరదన్నాడు. సరంగు పైసాతో సహా అడ్వాన్సు కట్టేసి పక్క పడవెక్కాడు. ఊరంతా సరంగునే తిట్టింది. మామయ్య అన్నం దగ్గర కూడా అదే గొణుగుడు. అత్తయ్య పులుసు వడ్డిస్తూ, "ఐసు ఎక్కడ చవకో అక్కడే కొంటావుగా నువ్వు. నిన్నెవరన్నా విశ్వాసం లేదన్నారా?" అంది. మామయ్య ఆ పూట మజ్జిగ పోసుకోకుండానే లేచాడు.

సరంగుకు బాకీ కట్టి వెళ్లిపోయే దారన్నా ఉంది. ఐపీఎల్ వేలంలో ఎవరు ఎక్కువ పాడితే అక్కడికి పోవాలి. మెగా వేలంలో పాత జట్టు ఆర్టీఎం (ధర సరిపెట్టే హక్కు) కార్డు తీసి ఆ ధరకు సరేనంటే వెనక్కి రావాలి. అమ్ముడయ్యాక సరైన కారణం లేకుండా రానంటే రెండేళ్లు నిషేధం, 2025లో హ్యారీ బ్రూక్‌కు అదే పడింది. ఇవన్నీ ఆ కుర్రాళ్లకు కంఠతా వచ్చు. కట్ షాట్ల మీద నేను చెప్పగలిగిందాని కన్నా ఇదే పనికొచ్చే చర్చ.

అందుకే నేనే హనుమ విహారి పేరెత్తాను. కాకినాడ పిల్లాడు. 2023లో ఇండోర్‌లో మణికట్టు విరిగినా ఆంధ్ర కోసం ఎడమచేతి వాటానికి తిరిగి, ఒంటి చేత్తో బ్యాటింగ్ చేశాడు. మరుసటి ఏడాది బెంగాల్ మ్యాచ్ తర్వాత కెప్టెన్సీ పోయింది. రాజకీయ నాయకుడి కొడుకైన సహ ఆటగాణ్ని కేకలేసినందుకే తీసేశారని విహారి ఆరోపణ, కాదని ఆ ఆటగాడి జవాబు. ఇక ఆంధ్రకు ఆడనన్నాడు, ప్రభుత్వం మారాక ఆడతానన్నాడు, 2025లో త్రిపుర వెళ్లిపోయాడు. రంజీలో 40 మ్యాచ్‌లు దాటినవాడికి రోజుకు 60 వేలని బోర్డు కట్టిన రేటు. త్రిపురలోనూ అంతే, ఇక్కడా అంతే. కాబట్టి బోర్డు ఫీజు కోసం వెళ్లాడనడానికీ లేదు. రాష్ట్రం మారాలంటే పాత సంఘం నిరభ్యంతర పత్రం (ఎన్‌ఓసీ) ఇవ్వాలి. ఇవ్వకపోతే ఆటగాడు ఎవరి గుమ్మం ఎక్కాలి?

కుర్రాళ్లలో ఇద్దరు ఒక పార్టీ వైపు, ఇద్దరు ఇంకో పార్టీ వైపు అయ్యారు. ఎన్‌ఓసీ సంగతి ఒక్కడూ పట్టించుకోలేదు. లెక్కలు ఎక్కువయ్యాయని విసుక్కున్నవాణ్ని, ఇక్కడ లెక్క అడిగేవాడే లేడని మళ్లీ విసుక్కున్నాను. కాసేపటికి నితీశ్‌కు ఆరు కోట్లు చాలా తక్కువని ఎవడో అన్నాడు, నలుగురూ మళ్లీ ఒక్కటైపోయారు.