పాదాలు తడిమి ప్రాణం పట్టే చేతులు

మా భువనగిరి చుట్టుపక్కలంతా రాయే. ఊళ్ళో ఏకశిల కోట, ఊరు దాటితే గట్ల నిండా బండలు, ఆ బండల సందుల్లో ఎర్రతేళ్ళు. తేలు కుట్టి ఒళ్ళు చల్లబడిన నాలుగేళ్ళ పిల్లాణ్ణి రాత్రిపూట హైదరాబాదు పెద్దాసుపత్రికి మోసుకుపోతే, తెల్లారేదాకా వాడి మంచం పక్కన నిలబడేది ఎవరు? పిల్లల వైద్యంలో పీజీ చేస్తున్న జూనియర్ డాక్టరు. వయసు పాతికో, ముప్పయ్యో. నేను డాక్టర్ని కాను, వాళ్ళ పనితనానికి అభిమానిని. ఆ పని దగ్గర నుంచి చూసినవాళ్ళకు దాని ముందు చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది.

తేలు విషం ఒంట్లో అడ్రినలిన్ జాతి రసాయనాలను ఒక్కసారిగా వదిలిస్తుంది. రక్తనాళాలు బిగుసుకుంటాయి, చెమటలు కారతాయి, కాళ్ళూ చేతులూ చల్లబడతాయి, గుండె అలిసిపోయి ఊపిరితిత్తుల్లోకి నీరు దిగుతుంది. అలాంటి పిల్లాడికి సీసాల కొద్దీ సెలైన్ ఎక్కిస్తే ఆ నీరు ఇంకా పెరుగుతుంది. దీనికి విరుగుడు దారి చూపింది మహారాష్ట్రలోని మహాడ్ అనే చిన్న ఊరి డాక్టరు హిమ్మత్‌రావ్ బావస్కర్. బీపీకి వాడే ప్రాజోసిన్ మాత్రను తేలు కాటుకు వాడి, పిల్లల మంచాల పక్కన తాను చూసినదాన్ని 1986లో లాన్సెట్ పత్రికకు రాశాడు. ఆయనకు 2022లో పద్మశ్రీ ఇచ్చారు. నన్నడిగితే మన బడి పుస్తకాల్లో ఆయనకొక పాఠం ఉండాలి.

మందు పేరు పుస్తకంలో దొరుకుతుంది. కిలో బరువుకు 30 మైక్రోగ్రాములు, మూడు గంటలకోసారి. ఆ మూడు గంటల మధ్యలో జరిగేదే అసలు విద్య. జూనియర్ డాక్టరు తన చేతి వెనక భాగాన్ని పిల్లాడి కాలి బొటనవేలికి ఆనించి మెల్లగా పైకి జరుపుతుంది. చల్లదనం ఎక్కడ ఆగింది? మోకాలి దగ్గరా, పిక్క దగ్గరా, చీలమండ దగ్గరా? కేస్ షీట్లో టైము వేసి రాస్తుంది. కాసేపాగి మళ్ళీ తడుముతుంది. వెచ్చదనం కిందికి దిగుతూ వేళ్ళదాకా వస్తే పిల్లాడు గట్టెక్కుతున్నట్టే. మాత్ర వేశాక ఉన్నట్టుండి లేపితే బీపీ పడిపోతుంది గనుక తల్లిని కూడా ఒక కంట కనిపెట్టాలి. "ఎత్తుకోకమ్మా, పండబెట్టే ఉంచు" అని ఎన్నిసార్లు చెప్పినా విసుగు రానివ్వని గొంతులు నేను విన్నాను.

తేలు కాటు ఒక్కటే కాదు, ఏ జబ్బుతో ఒళ్ళు చల్లబడినా పిల్లల్లో బీపీ చిట్టచివరికి పడుతుంది. అది పడేదాకా ఆగితే చేయి దాటిపోయినట్టే. అందుకే మంచి సీనియర్లు మానిటర్ కన్నా ముందు పిల్లాణ్ణి చూడమంటారు. రొమ్ము ఎముక మీద వేలితో నొక్కి వదిలితే పాలిపోయిన చర్మం రెండు, మూడు సెకన్లలో మళ్ళీ ఎర్రబడాలి. చొక్కా పైకెత్తి నిమిషం నిండా ఊపిరి లెక్కపెట్టాలి. రెండు నెలల్లోపు బిడ్డకు 60, ఏడాదిలోపు 50, ఐదేళ్ళలోపు 40 చేరినా, దాటినా అది ఆయాసమే. ఊపిరి వదిలేటప్పుడు సన్నగా మూలిగే బిడ్డను గది అవతలి నుంచే పసిగట్టే పీజీలున్నారు. ఎండిపోయిన బిడ్డకు ఏ నరమూ దొరకనప్పుడు మోకాలి కింద ఎముకలోకే సూది దించి ద్రవం ఎక్కించగల చేతులున్నాయి.

చేత్తో పిండి ఊపిరి అందించే సంచి, ఆంబు బ్యాగు సంగతి వేరే చెప్పాలి. బొటనవేలు, చూపుడువేలు మాస్కును గుండ్రంగా అదిమి పట్టాలి, మిగతా మూడు వేళ్ళు దవడ ఎముకను పైకి లేపాలి. రెండో చేత్తో ఛాతీ కొద్దిగా లేచేంత మాత్రమే పిండాలి. ఎక్కువైతే ఊపిరితిత్తి చిట్లుతుంది, తక్కువైతే బిడ్డ నీలమవుతుంది. 1952లో కోపెన్‌హాగన్లో పోలియో విరుచుకుపడినప్పుడు బ్యోర్న్ ఇబ్సెన్ అనే మత్తు డాక్టరు గొంతులో గొట్టం వేయించి, సుమారు 1,500 మంది వైద్య విద్యార్థుల చేత వంతులవారీగా రాత్రింబగళ్ళు సంచి పిండించాడు. ఐసీయూ అనేది పుట్టిందే విద్యార్థుల చేతుల్లో! ఆ మరుసటేడు, 1953లో, మన హైదరాబాదులో నీలోఫర్ ఆసుపత్రి తెరిచారు. తన పరిచారిక రఫత్ కాన్పులో చనిపోతే తట్టుకోలేక రాకుమారి నీలోఫర్ పట్టుబట్టి కట్టించిందని పెద్దలు చెప్తారు. భువనగిరి నుంచి ములుగు దాకా పేదింటి తల్లికి ఆ పేరే ధైర్యం. ఎవరేమనుకున్నా నేను ఆ ఆసుపత్రి పక్షమే.

ఇప్పుడు నకిలీల సంగతి. పోచంపల్లి చీర మీది డిజైన్ను మిల్లు గుడ్డ మీద అచ్చేసి అమ్మినట్టు, రెండు వార్మర్లు, ఒక మానిటర్ పెట్టి "24 గంటల పిల్లల ఐసీయూ" అని బోర్డు కడుతున్నారు. బోర్డు మీది పేరున్న డాక్టరు సాయంత్రం ఒకసారి వచ్చిపోతాడు. రాత్రి పిల్లల్ని చూసేవాళ్ళకు ఆ విద్య నేర్పినవాళ్ళే లేరు. తల్లి పుస్తెలు కుదువబడ్డాక, అర్ధరాత్రి చేతిలో చీటీ పెట్టి హైదరాబాదు పొమ్మంటారు. బిడ్డ ప్రాణం చేజారేది ఆ గంటల్లోనే. చీటీలో ఏ మందు ఎంత ఇచ్చారో కూడా ఉండదు. దాన్ని చేతిలో పట్టుకుని తల పట్టుకున్న జూనియర్లను చూశాను. చివరికి బిడ్డ దక్కకపోతే తిట్లూ, దెబ్బలూ ఎవరికి? చివరి గంటలో సంచి పిండిన ఆ పిల్ల డాక్టరుకే! ఇది అన్యాయం, దీన్ని అన్యాయమనే అనాలి.

ఆ పైన 2024 జూన్లో నెలనెలా స్టైపెండు కోసం రాష్ట్రంలో జూనియర్ డాక్టర్లు సమ్మెకు దిగాల్సి వచ్చింది. రాత్రంతా పరాయి బిడ్డ పాదాలు తడిమేవాళ్ళను జీతం అడుక్కునేలా చేస్తామా?

ప్రతి పీజీ మూడు నెలలు జిల్లా ఆసుపత్రిలో పనిచేయాలన్న నియమం ఇప్పుడుంది. భువనగిరికి వచ్చే పిల్లల పీజీని ఓపీ చీటీలు రాయడానికి కూర్చోబెట్టకండి. రాత్రి డ్యూటీ వేయండి, పక్కన ఒక సీనియర్ను ఉంచండి, ప్రాజోసిన్ మాత్రలు, చిన్న సైజు మాస్కులు, ఎముకలోకి దించే సూదులు అల్మారాలో తాళం లేకుండా పెట్టండి. తేలు కుట్టి ఒళ్ళు చల్లబడ్డ పిల్లాడికి మొదటి మాత్ర ఇక్కడే, కుట్టిన గంటలోపే పడాలి.